నల్ల నీళ్ళ నాలుక

కొమీజ రేవులో యాగొద ఎవరని అడిగితే తల గోక్కుంటారు. కొండావిడ అంటే మాత్రం చిన్నపిల్లలు కూడా ఇల్లు చూపిస్తారు. పెళ్ళి చేసుకుని ఆ దీవికి వచ్చి ముప్పై ఏళ్ళు దాటింది. ఫ్యాక్టరీలో సార్డిన్ చేపల తలలు కోసి, డబ్బాల్లో పేర్చి, వేళ్ళకు పట్టిన వాసన ఏ సబ్బుకూ వదలదు. అయినా ఆమె వాళ్ళకు కొండావిడే. వెలెబిత్ కొండ కింద పుట్టింది, మేకల వెంట తిరిగింది, ఈత రాదు. కొమీజ ఆడవాళ్ళకు ఒక జీవితకాలం ఆట పట్టించడానికి ఆ మూడూ సరిపోయాయి.

"మీ వైపు చేపలు చెట్లకి కాస్తాయంటగా, యాగొదా?" అనేది పక్క బల్ల దగ్గర నుంచి తోంకా.

"కాస్తాయి. కాకపోతే మీలాగా రోజంతా నోరు తెరుచుకుని ఉండవు," అనేది యాగొద, కత్తి ఆపకుండా.

ఆమె మొగుడు ఫాబియన్ పడవల వడ్రంగి. మాట తక్కువ, పంతం ఎక్కువ. వయసులో ఉండగా ఒక వేసవి పడవల మరమ్మతుకని కొండవైపు తీరానికి వెళ్ళి, అక్కడ మేకల్ని అదిలిస్తూ రాళ్ళ మీద దూకుతున్న పిల్లను చూసి, పని పూర్తయినా ఇంకా పూర్తవలేదని అబద్ధమాడుతూ శీతాకాలం దాకా అక్కడే ఉండిపోయాడు. తరవాత ఆమెను తన దీవికి తెచ్చుకున్నాడు.

ఆ దీవి పడవల మీద ఒక కట్టుబాటు ఉంది. చుక్కాని పిడి ఎవరి చేతిలో ఉంటే మాట వాళ్ళది. మిగతావాళ్ళు తాడు లాగమంటే లాగాలి, అడిగితే జవాబు చెప్పాలి. ఎటు పోవాలో మాత్రం చెప్పకూడదు. కొడుకు పిడి పట్టుకుంటే కన్నతండ్రి కూడా నోరు మూసుకుని కూర్చోవలసిందే. కావాలంటే పిడి అడగవచ్చు, ఇస్తే పుచ్చుకోవచ్చు. లాక్కోవడమంటే, మనిషిని నడిబజారులో చెప్పుతో కొట్టినట్టే లెక్క. లాక్కున్నవాడిని మళ్ళీ ఎవరూ తమ పడవ ఎక్కించుకోరు. ఫాబియన్ రొట్టె తినేటప్పుడో సిగరెట్టు వెలిగించుకునేటప్పుడో "కాసేపు పట్టుకో" అని యాగొదకు ఇచ్చేవాడు. అలా పట్టుకోవడం ఆమెకు బాగానే వచ్చింది. అడగడం మాత్రం ఎన్నడూ జరగలేదు.

ఆ పడవ కథ కూడా చెప్పాలి. ఎవరో విదేశీయుడు పక్క పగిలిన తన తెరచాప యాట్‌ని షెడ్డులో వదిలేసి, మళ్ళీ రాలేదు. ఫాబియన్ దాన్ని పలక పలకా విప్పి, మళ్ళీ కట్టాడు. ఆదివారాలన్నీ దానికే పోయాయి. తీరా నీళ్ళలోకి దించితే అది రేవు మొత్తంలోకీ బరువైన పడవ. గట్టు మీద కూర్చునే ముసలాళ్ళు దానికి 'తొవార్' అని పేరు పెట్టారు, అంటే గాడిద. ఫాబియన్ కోపం తెచ్చుకోలేదు. బ్రష్షు తీసుకుని అమరం మీద, అంటే పడవ వెనక భాగాన, అదే పేరు అందంగా రాశాడు.

అక్టోబరులో యాగొద అన్న మిలె కూతురి పెళ్ళి వచ్చింది. ఊరి పేరు క్రివా ద్రాగ. కొండ లోయ సముద్రంలోకి దిగే చోట నాలుగు రాతి ఇళ్ళు. బస్సులో పోదామంది యాగొద.

"బస్సులో చుట్టపుచూపుగా పోతావా? నా పడవలో దొరసానిలా దిగుతావా?" అన్నాడు ఫాబియన్.

"దొరసాని గాడిదెక్కి దిగుతుందా?" అంది గానీ, ఆ రాత్రి ఆమెకు సంతోషంతో నిద్ర పట్టలేదు. తను ఉప్పులో ఊరేసిన సార్డిన్ల తొట్టి ఒకటి, పెద్ద గాజు బుడ్డి నిండా ఎర్ర వైను, పెళ్ళికూతురికి దుప్పట్లు సర్దుకున్నారు.

దీవి నుంచి దీవికి ఆగుతూ రాబ్ దాకా హాయిగానే వచ్చారు. అక్కడ దక్షిణపు గాలి, వాన పట్టుకుని మూడు రోజులు కట్టేశాయి. నాలుగో పొద్దున ఆకాశం కడిగిన పళ్ళెంలా తేలింది. ఎదురుగా, కాలువలాంటి సన్నని సముద్రానికి అవతల, వెలెబిత్ కొండ గోడలా నిలబడి ఉంది. దాని తల మీద మాత్రం తెల్లని మబ్బు, అచ్చు టోపీ పెట్టినట్టు.

"కొండ టోపీ పెట్టుకుంది," అంది యాగొద.

ఫాబియన్ చూశాడు. "తడి ఆరుతోంది. మూడు రోజులు వాన పడ్డాక పొగమంచు లేవదా?"

"అది పొగమంచు కాదు. బూరా గాలి వచ్చే ముందు అట్లాగే పెట్టుకుంటుంది."

"వస్తే సాయంత్రానికి వస్తుంది. మనం మధ్యాహ్నానికి మీ అన్న ఇంట్లో భోజనానికి కూర్చుంటాం." అతను అప్పటికే పిడి దగ్గర కూర్చున్నాడు. యాగొద ఇంకేమీ అనలేదు. కట్టుబాటు అది. తరవాత ఆమె తన జీవితంలో దేని గురించైనా బాధపడిందంటే, ఆ అనకపోవడం గురించే.

అవతలి తీరం దగ్గర పడుతుండగా గాలి పూర్తిగా పడిపోయింది. తెరచాప తడిగుడ్డలా వేలాడింది. ఫాబియన్ ఇంజను వేశాడు. సీగల్స్ ఎగరడం మానేసి నీళ్ళ మీద గుంపులుగా కూర్చున్నాయి, అన్నీ కొండకేసి ముక్కు పెట్టి. యాగొద పైకి చూసింది. టోపీ అంచు చిరిగి, మబ్బు పీలికలు కొండ వాలు మీదుగా కిందికి జారుతున్నాయి.

"ఫాబియన్, చాప దించు."

"ఏం?"

"దించు!"

అతను లేవబోయాడు. సగం లేచాడు, అంతే. కొండ పాదం దగ్గర నీటి మీద తెల్లటి గీత కనిపించింది. సొరంగంలోంచి రైలు వస్తున్న చప్పుడు. ఆ గీత లేచి, పొగై, గోడై, వాళ్ళ మీద పడింది.

పడవ పక్కకు పడుకుంది. నిలబడ్డ మనిషిని మోకాళ్ళ వెనక తన్నితే కూలినట్టు కూలింది. యాగొద గాలిలోకి లేచి ఎదుటి బల్లకు గుద్దుకుంది. పక్కటెముకల దగ్గర ఏదో కలుక్కుమంది. తెరచాప సగం నీళ్ళలో మునిగింది. లోపల వైను బుడ్డి పగిలిన చప్పుడు, సామాను ఒకదాని మీద ఒకటి దొర్లుతున్న చప్పుడు. అప్పుడు చాప చిరిగింది. తుపాకీ పేలినట్టు ఒక్క దెబ్బకు కింద నుంచి పైదాకా చీలిపోయింది. ఆ చీలికే వాళ్ళను బతికించింది. బరువు వదిలిన పడవ నీళ్ళు కారుస్తూ, గుటకలు మింగుతూ లేచింది. లేస్తూ లేస్తూ చాప కింది అడ్డదూలాన్ని ఇటు నుంచి అటు విసిరింది. దాని ఇనప కొస ఫాబియన్ నుదుటిని చీరుకుంటూ పోయింది.

అతను పిడి వదల్లేదు. రక్తం కిందికి కారలేదు. గాలి దాన్ని అడ్డంగా ఈడ్చి చెవి మీదుగా జుట్టులోకి పూసింది.

"చాప కోసెయ్!" అని అరిచాడు. పక్కనే ఉన్నా ఆ అరుపు ఎక్కడో బావిలోంచి వచ్చినట్టుంది.

యాగొద నడుముకు తాడు కట్టుకుని, చేపల కత్తి పళ్ళతో పట్టుకుని, పాకుతూ వెళ్ళింది. చిరిగిన చాప పీలికలు కొరడాల్లా కొడుతున్నాయి. ఒకటి ఆమె మెడ మీద పడి చర్మం లేచిపోయింది. ఇంకొకటి, ఇత్తడి వలయం ఉన్నది, చెంప మీద తగిలి ఒక పన్ను వదులైంది. ముప్పై ఏళ్ళు తలలు కోసిన చెయ్యి అది. తాళ్ళను వరసగా కోసుకుంటూ పోయింది. చివరి తాడు తెగగానే చాప పెద్ద తెల్ల పక్షిలా లేచి, ఒక్కసారి మెలితిరిగి, పొగలో కలిసిపోయింది.

ఆమె వెనక్కి పాకి వచ్చేసరికి ఫాబియన్ పడవను తిప్పేశాడు. కొండకు వీపు పెట్టి, గాలి తోసినట్టే పరుగెత్తిస్తున్నాడు.

ఎందుకో ఆమెకు తెలుసు. కొమీజ మనిషి ఎవడైనా అదే చేస్తాడు. వాళ్ళ దీవి నడిసముద్రంలో ఉంటుంది. వాళ్ళ తాతలు చిన్న పడవల్లో దూర దూరాలకు పోయి చేపలు పట్టారు. గాలి రేగితే నేలకు దూరంగా, బయటి సముద్రంలోకి పొమ్మని వాళ్ళకు ఉగ్గుపాలతో నేర్పుతారు. ఇక్కడ బయటి సముద్రంలోకి దారి ఒకటే: రాబ్ దీవి కొసకూ పాగ్ దీవి కొసకూ మధ్య ఉన్న సందు. ఫాబియన్ పడవ ముక్కును దానికే గురిపెట్టాడు.

కానీ పడవ ముక్కు చూస్తున్న వైపు పడవ పోవడం లేదు.

యాగొద అది చూసింది. కొండ నుంచి దూరమైన కొద్దీ అలలు పెరిగాయి. మొదట్లో నడుము ఎత్తు ఉన్నవి ఇప్పుడు మనిషి ఎత్తు దాటి లేస్తున్నాయి. ఒక్కొక్కటీ అమరాన్ని ఎత్తి, ప్రక్కకు విసిరి, కింద పడేస్తోంది. ప్రతిసారీ పడవ కొంచెం ఎడమకు జారుతోంది. సందు కుడివైపుకు పోతోంది. ఎదురుగా పాగ్ దీవి కొస వస్తోంది. గడ్డిపరక మొలవని బోసి రాయి అది. అక్కడ అల తగిలిన ప్రతిసారీ నీళ్ళు చర్చి గంట ఎత్తుకు లేచి, విరిగి పడుతున్నాయి.

"జారిపోతున్నాం! రాళ్ళ మీదికి పోతున్నాం!"

"సందులోకే పోతున్నా!" అతని ఎడమ కన్ను రక్తంతో మూసుకుపోయింది. కుడి కన్నులో ఉప్పు. అతనికి నిజంగానే సందు కనిపిస్తోందో, కనిపించాలనుకున్న చోట ఊహించుకుంటున్నాడో ఆమెకు అర్థం కాలేదు.

రెండో దెబ్బ వచ్చింది. ఇద్దరూ వంగి, బల్లను కావలించుకున్నారు. ఊపిరి పీల్చుకుందామంటే గాలి నోట్లోకి పిడికిలిలా దిగింది. నీటి తుంపర్లు గులకరాళ్ళలా మొహాన కొట్టాయి. అది కాస్త సడలగానే యాగొద తల వెనక్కి తిప్పి కొండవైపు చూసింది.

అప్పుడు కనిపించింది.

చిన్నప్పుడు బూరా రోజుల్లో ఆమె మేకలతో కొండ వాలు మీద, బండల చాటున ఉండేది. మేకలు కదలవు కాబట్టి చెయ్యడానికి పనేమీ ఉండదు; కింద సముద్రాన్ని చూస్తూ కూర్చోవడమే. పైనుంచి చూస్తే గాలికి రూపం ఉంటుంది. అది కొండ మొత్తం మీంచి ఒకేలా దిగదు. లోయల్లోంచి ఏరుల్లా దూకుతుంది. ప్రతి లోయ ముందూ సముద్రం తెల్లగా ఉడుకుతుంది. రెండు లోయల మధ్య కొండ ముక్కు పొడుచుకొచ్చిన చోట మాత్రం, ఆ ముక్కు చాటున, నల్లని నీళ్ళు నాలుకలా బయటికి చాపి ఉంటాయి. ఆమె చిన్నతనమంతా ఆ నాలుకలను చూసింది. తండ్రి చేపల పడవ ఎప్పుడూ నలుపు మీద ఇంటికి వచ్చేది.

ఇప్పుడు కిందనుంచి, తెల్లని పొగ చిరిగిన చోట, ఒక నల్ల పట్టీ కనిపించింది. కనిపించి, మూసుకుపోయింది.

"ఫాబియన్! వెనక్కి తిప్పు! కొండ కిందికి!"

అతను ఆమె వైపు చూసిన చూపులో కోపం కన్నా ఆశ్చర్యం ఎక్కువ. ముప్పై ఏళ్ళలో ఆమె ఎటు పోవాలో చెప్పడం అదే మొదలు.

"పిచ్చెక్కిందా? తుపానులో నేల మీదికి ఎవడు పోతాడే?"

"నేల చాటునే నలుపుంది! నేను చూశా!"

"నువ్వు మేకల్ని చూశావు! నోరు మూసుకుని పట్టుకో!"

"పిడి ఇలా ఇవ్వు."

"ఏంటీ?"

"అడుగుతున్నా కదయ్యా, పిడి నాకివ్వు!"

"చచ్చినా ఇవ్వను," అన్నాడు ఫాబియన్. మాట వరసకు అనలేదు. అతని కుడిచెయ్యి ఆ కర్రకు వేరులా చుట్టుకుని ఉంది. ఆ చేత్తోనే ఆ కర్రను చెక్కాడు.

గాలి ఒక్కసారిగా ఆగింది. బూరా అంతే, కొట్టి కొట్టి ఊపిరి తీసుకుంటుంది. ఆ ఊపిరి ఎంతసేపుంటుందో ఎవరూ చెప్పలేరు. తిప్పితే ఇప్పుడే తిప్పాలి. మళ్ళీ దెబ్బ మొదలైతే ఇంజను ఎదురు పోలేదు. ఇంకో రెండు దెబ్బలకు పాగ్ రాళ్ళు వచ్చేస్తాయి. రాళ్ళ అడుగున అలల గుద్దులు ఇప్పుడు ఛాతీలో వినిపిస్తున్నాయి. యాగొద ఈ లెక్కంతా వేసుకుందని కాదు. ఆమె కన్ను బల్ల పక్కన కొక్కేనికి ఉన్న ఇనప కడ్డీ మీద పడింది. తాళ్ళు బిగించేందుకు తిప్పే కడ్డీ, మూర పొడవు, బరువైనది.

దాన్ని తీసి అతని వేళ్ళ మీద కొట్టింది.

అతను వదల్లేదు. ఆమె మొహంలోకి చూశాడు. ఆ ఒక్క కన్ను ఎంత విప్పారిందంటే, అందులో ఆమెకు తన జుట్టు ఎగరడం కనిపించింది. ఆ చూపుకు ఆగిపోతానేమోనని భయపడి, ఆమె కళ్ళు మూసుకుని రెండోసారి కొట్టింది, మొదటిదానికన్నా గట్టిగా. ఎముకల చప్పుడు వినిపించలేదు. కడ్డీలోంచి మోచేతిదాకా తెలిసింది.

చెయ్యి పిడి మీంచి ఊడింది. ఫాబియన్ అరిచిన అరుపు మనిషిది కాదు. అతను ఎడమచేత్తో పిడిని అందుకోబోయాడు. యాగొద అతని ఛాతీ మీద కాలు పెట్టి పడవ అడుక్కి తోసింది.

"లేచావంటే తల మీద పడుద్ది!"

"చంపేశావే! వడ్రంగి చెయ్యే అది! నీ వంశం నాశనం కానూ!"

"నా వంశం తరవాత చూద్దాం, ముందు తాడు పట్టుకో!"

ఆమె పిడిని ఒంటి బరువంతా వేసి నెట్టింది. గాడిద తిరగడం మొదలుపెట్టింది, గాడిదలాగే మెల్లగా, మొండిగా. సగం తిరిగి, అలలకు అడ్డంగా నిలబడింది. ఆ క్షణంలోనే పెద్దది ఒకటి వచ్చింది. పక్కగా, తలమీదికి, ఆకుపచ్చగా. యాగొద చూసింది అంతవరకే. తరవాత చెవులనిండా నీళ్ళు, నోటినిండా నీళ్ళు, మీదా కిందా తెలియని బరువు. ఒక చెయ్యి పిడిని పట్టుకుని ఉంది. రెండో చేతి కింద నుంచి ఏదో జారిపోతోంది. గోళ్ళతో పట్టుకుంది. అది ఫాబియన్ జుట్టు. అతని నడుము దాకా పడవ అంచు బయట ఉంది. ఆమె లాగింది. పక్కటెముకల్లో కత్తి తిరిగినట్టయింది. అయినా వదలకుండా, మేకపిల్లను గుంటలోంచి ఈడ్చినట్టు ఈడ్చింది. అల దిగిపోయింది. పడవ వణుకుతూ, వైను కలిసిన ఎర్రటి నీళ్ళు కక్కుతూ లేచింది. దాని ముక్కు ఇప్పుడు కొండకేసి ఉంది.

ఇంజను ఇంకా కొట్టుకుంటోంది.

ఆ తరవాతిది పరుగు కాదు, పాకడం. గాలి ఊపిరి తీసుకున్నప్పుడు ముందుకు పోవడం, దెబ్బ వచ్చినప్పుడు అక్కడే నిలబడటం, ఒక్కోసారి వెనక్కి జారడం. ముక్కు ఏ మాత్రం పక్కకు తిరిగినా పడవ మళ్ళీ బోర్లా పడుతుంది. యాగొద రెండు చేతులతో, మోకాలితో, చివరికి గడ్డంతో కూడా పిడిని అదిమి పట్టింది. కళ్ళు తెరిస్తే ఉప్పు, మూస్తే చావు. నల్ల పట్టీ కనిపించడం లేదు. ఎటు చూసినా తెల్లని పొగే. పైనుంచి చూసినదాన్ని కిందనుంచి ఎలా వెతకాలి? తప్పు చూశానేమో. నీడను చూసి నలుపనుకున్నానేమో. వేళ్ళు విరగ్గొట్టి, మనిషిని చావు దగ్గరికి తీసుకొచ్చానేమో. ఈ ఆలోచన ఆమెను గాలి కన్నా గట్టిగా కొట్టింది. పిడి మీద పట్టు ఒక్క క్షణం సడలింది. పడవ వెంటనే పక్కకు ఒరిగింది.

మళ్ళీ కొండ గుర్తొచ్చింది. ఒకటి పెద్ద లోయ, ఒకటి చిన్నది. పెద్ద లోయ గాలి బలం ఎక్కువ కాబట్టి నాలుక ఎప్పుడూ తిన్నగా ఉండదు; చిన్న లోయ వైపు వంగి ఉంటుంది. తను తిన్నగా వెతుకుతోంది. చిన్న లోయ ఉన్న కుడివైపుకు ఇంకా పోవాలి.

అప్పుడే ఇంజను దగ్గింది. ఇంకోసారి దగ్గి, గొంతు సన్నబడింది.

అడుగున ఫాబియన్ కదిలాడు. విరిగిన చేతిని చొక్కాలోకి దోపుకుని మోకాళ్ళ మీద లేచాడు. యాగొద కాలు ఎత్తింది తన్నడానికి. కానీ అతను పిడి వైపు రాలేదు. ఇంజను మూత దగ్గరికి పాకి, దాన్ని తలతో ఎత్తి, నడుము దాకా లోపలికి దూరి, ఊడి వస్తున్న నూనె గొట్టాన్ని ఎడమచేత్తో నొక్కి పట్టుకున్నాడు. వేడికి చెయ్యి కాలుతున్నట్టుంది. లోపలనుంచి బూతులు వినిపించాయి. ఇంజను గొంతు మళ్ళీ లావెక్కింది.

కాసేపటికి ఆ బూతుల మధ్యలోంచి ఒక మాట వచ్చింది. "ఇంకేం చెయ్యాలో చెప్పు!"

యాగొదకు ఒక క్షణం అర్థం కాలేదు. అది పిడి పట్టుకున్నవాళ్ళను అడిగే మాట.

"అట్లాగే పట్టుకో! వదలకు!"

"వదలను! నువ్వు వదలకు!"

పొగ చిరిగింది. కుడివైపున, రెండు పడవల దూరంలో, నీళ్ళు నల్లగా ఉన్నాయి. వాటి అంచు కత్తితో గీసినట్టుంది. ఇటు ఉడుకుతున్న తెలుపు, అటు ముడతలు మాత్రమే పడిన నలుపు. ఆ అంచు దాటడానికి ఇంకొక దెబ్బ తినవలసి వచ్చింది. అది అన్నింటికన్నా పెద్దది. తెరచాప లేని కొయ్యే విల్లులా వంగి, దాన్ని పట్టి ఉంచే ఉక్కు తాళ్ళలో ఒకటి తెగి, ఈల వేస్తూ యాగొద నెత్తి మీదుగా పోయింది. ఇంకో జానెడు కిందికి వచ్చి ఉంటే ఆమె కథ అక్కడితో సరి. పడవ ముక్కు నలుపులోకి దూరింది. అమరం ఇంకా తెలుపులోనే కొట్టుకుంటోంది. తరవాత అదీ లోపలికి వచ్చింది.

ఉన్నట్టుండి ఇంజను చప్పుడు వినిపించింది. నీళ్ళు కారుతున్న చప్పుడు వినిపించింది. ఫాబియన్ పళ్ళు కటకటలాడటం వినిపించింది. గాలి పైన, ఇరువైపులా, గోడలు కూలుతున్నట్టు మోగుతూనే ఉంది. ఆ నాలుక మీద మాత్రం లేదు.

కొండ ముక్కు కింద రాతిలో చీలిక ఒకటి ఉంది, రెండు పడవలు పట్టేంత. యాగొద తొవార్‌ను అందులోకి దూర్చి, నాలుగు వైపులా తాళ్ళతో రాళ్ళకు కట్టేసింది.

లోపల వైనూ ఉప్పునీళ్ళూ మోకాలి లోతున్నాయి. చేపలు దుప్పట్ల మీద తేలుతున్నాయి. ఫాబియన్ బల్ల మీద కూర్చుని చెయ్యి చాపాడు. మూడు వేళ్ళు మూడు దిక్కులు చూస్తున్నాయి.

"వాచిపోకముందే లాగాలి," అన్నాడు. అతని పెదవుల్లో రక్తం లేదు. "కొసను పట్టుకుని నీ వైపు లాగు. ఎముక జారినట్టు తెలుస్తుంది. అప్పుడు వదులు."

"నా వల్ల కాదు."

"కొట్టడం వచ్చినదానికి లాగడం రాదా?"

ఆమె లాగింది. అతను ఆమె తల్లినీ, అమ్మమ్మనూ, కొండనూ, కొండ మీది మేకలన్నింటినీ వరసపెట్టి తిట్టాడు. చూపుడువేలు తిన్నగా అయింది. పలక అతికేటప్పుడు పనివాడికి చెప్పినట్టు చెప్పాడు: "ఇంకొంచెం ఎడమకి. మెలితిప్పకు. ఆఁ, ఇప్పుడు." రెండోది కూడా కుదిరింది. ఆమె రెంటినీ కలిపి చెక్క గరిటెకు గుడ్డపీలికతో కట్టింది. ఉంగరపు వేలి దగ్గరికి వచ్చేసరికి ఆమె చేతులు మాట వినడం మానేశాయి. వాటిని ఒడిలో పెట్టుకుని, వదులైన పన్నును నాలుకతో తోస్తూ ఏడ్చింది. ఫాబియన్ తలను ఆమె భుజానికి ఆనించాడు. ఆ భుజం కింద పక్కటెముకలు విరిగి ఉన్నాయని అతనికి తెలియదు. ఆమె చెప్పలేదు, పక్కకు జరగలేదు. ఆ వేలు అట్లాగే వంకరగా అతుక్కుపోయింది.

మర్నాడు మిలె పైనుంచి పడవను చూసి, మేకల దారిన, గాలికి లేవకుండా నాలుగు కాళ్ళ మీద పాకుతూ దిగి వచ్చాడు.

"చేతికి ఏమైంది బావా?"

"మీ చెల్లెలు విరగ్గొట్టింది. పిడి ఇవ్వలేదని."

మిలె చెల్లెలి వైపు చూశాడు, బావ వైపు చూశాడు. "ఎన్నిసార్లు అడిగింది?"

"ఒక్కసారి."

"మా నాన్ననైతే మా అమ్మ అసలు అడిగేదే కాదు," అన్నాడు మిలె, రొట్టె విరుస్తూ.

పెళ్ళి తలుపులన్నీ బిగించుకుని ఇంట్లోనే జరిగింది. పెళ్ళికూతురికి దుప్పట్లు ఎర్రగా అందాయి. గాలి అణిగిపోయి, కొండ టోపీ తీసేశాక, ఇద్దరూ మళ్ళీ పడవ ఎక్కారు. మిలె ఇచ్చిన పాత చాపను కొయ్యకు కట్టారు. ఫాబియన్ చెయ్యి మెడకు వేలాడుతోంది. అతను అలవాటుకొద్దీ అమరం దగ్గరికి వచ్చి, పిడి ముందు ఆగాడు.

"ఇస్తావా?" అన్నాడు.

యాగొద కొండను తేరిపార చూసింది. "రాబ్ దాటాక ఇస్తా."

అతను తల ఊపి ముందుకు పోయి తాళ్ళ దగ్గర కూర్చున్నాడు. పడవ నల్ల నీళ్ళలోంచి బయటికి వచ్చింది. సముద్రం ఏమీ ఎరగనట్టు మెరుస్తోంది.

"తాడు లాగు," అంది యాగొద.

"ఏది?"

"ఎడమది."

ఫాబియన్ ఎడమ తాడు లాగాడు, ఒంటి చేత్తో, చివరిదాకా. చాప పటపటా కొట్టుకుని, పడవ నిలిచిపోయింది.

"అయ్యో, కుడిది! కుడిదని తెలిసి కూడా లాగావా? చెప్పొచ్చు కదయ్యా!"

"ఎట్లా చెప్తాను?" అన్నాడు ఫాబియన్ వెనక్కి తిరగకుండా. "పిడి నీ చేతిలో ఉంది."